తాళం చెవిని తాళానికే కట్టి అమ్మారు: డేటాబేస్ ప్రొటెక్షన్ టూల్‌పై ఫిర్యాదు

కర్నూలు

సపోర్ట్ విభాగం మేనేజర్ గారికి,

విషయం: మీ డేటాబేస్ ప్రొటెక్షన్ టూల్‌లోని లోపాలు, డబ్బు వాపసు గురించి.

అయ్యా,

కర్నూలు, ఆదోని మార్కెట్ యార్డుల్లోని కమీషన్ దుకాణాలకు మేం అమ్మే తక్‌పట్టీ (రైతుకిచ్చే అమ్మకపు లెక్క చీటీ) ప్రోగ్రామ్ మైక్రోసాఫ్ట్ వారి డేటాబేస్ సాఫ్ట్‌వేర్ యాక్సెస్‌లో రాసింది. తూకం, తరుగు, హమాలీ, కమీషన్ లెక్కలే అందులో అసలు సరుకు. వాటిని ఎవరూ విప్పి చూడలేరని చెప్పి ‘మూడు పొరల రక్షణ’ పేరుతో మీరు టూల్ అమ్మారు. దాంతో ప్యాక్ చేసిన ఫైల్‌ను పరీక్షిస్తే మూడు పొరల్లోనూ కన్నాలు దొరికాయి. అందుకు వాడింది ఒక ఖాళీ యాక్సెస్ ఫైలు, ఫైల్‌లోని బైట్లను నేరుగా చూపే ఒక ఉచిత హెక్స్ ఎడిటర్, అంతే.

మొదటిది షిఫ్ట్ కీ. షిఫ్ట్ నొక్కి ఫైల్ తెరిచేవాళ్ళను ఆపడానికి మీ టూల్ ‘అలౌబైపాస్‌కీ’ ప్రాపర్టీని ఫాల్స్ చేసి వదిలేస్తుంది. ఖాళీ ఫైల్‌లో డీఏఓతో (యాక్సెస్ ఫైళ్ళను కోడ్ ద్వారా తెరిచే లైబ్రరీ) మా ఫైల్‌ను తెరిచి అదే ప్రాపర్టీని ట్రూ చేయడానికి మూడు లైన్ల కోడ్ చాలు. ఆ తర్వాత షిఫ్ట్ నొక్కిపట్టి తెరిస్తే స్టార్టప్ ఫారమ్ రాదు, టేబుళ్ళు, ఫారమ్‌లు అన్నీ చూపే నావిగేషన్ పేన్ మొత్తం కళ్ళ ముందుంటుంది. ప్రాపర్టీ సృష్టించేటప్పుడు నాలుగో ఆర్గ్యుమెంట్ ట్రూ ఇచ్చాం కాబట్టి అడ్మిన్ తప్ప ఎవరూ మార్చలేరని మీ మాన్యువల్ అంటోంది. అది పాత ఎండీబీ ఫైళ్ళలో, ఒక్కో యూజర్‌కు వేర్వేరు హక్కులిచ్చే యూజర్ లెవెల్ సెక్యూరిటీ ఉన్నప్పటి మాట. 2007లో ఏసీసీడీబీ ఫార్మాట్ వచ్చినప్పుడే అందులో ఆ సెక్యూరిటీ లేకుండా పోయింది. ఇప్పుడు ఆ ఆర్గ్యుమెంట్ ఉన్నా లేనట్టే.

రెండోది ఏసీసీడీఈ, అంటే సోర్స్ కోడ్ లేకుండా చేసిన యాక్సెస్ ఫైల్. దీన్ని మేం తప్పుపట్టం. వీబీఏ (యాక్సెస్‌లో కోడ్ రాసే భాష) సోర్స్‌ను నిజంగానే తీసేసి కంపైల్ అయిన కోడ్‌ను మాత్రమే ఉంచుతుంది, ఫారమ్‌లు, రిపోర్టులు డిజైన్‌లో తెరుచుకోవు. కానీ టేబుళ్ళు, క్వెరీలు (డేటాను తీసి లెక్కకట్టే ఆదేశాలు), మాక్రోలకు దాంతో రక్షణ లేదు. క్వెరీల ఎస్‌క్యూఎల్ ఉన్నది ఉన్నట్టు చదువుకోవచ్చు, ఇంకో ఫైల్‌లోకి ఇంపోర్ట్ చేసుకోవచ్చు. లెక్కల్ని క్వెరీల్లో పెట్టినవాళ్ళకు మీ టూల్ ఒక్క హెచ్చరికైనా ఇవ్వదు. పైగా అది అసలు ఏసీసీడీబీ ఫైల్ మీదే రాసేస్తుంది. ఏసీసీడీఈ నుంచి సోర్స్ వెనక్కి రాదు. బ్యాకప్ లేకపోతే పోగొట్టుకునేది దొంగ కాదు, ప్రోగ్రామ్ రాసినవాడే.

అసలు గొడవ మూడో పొరతో. డేటా ఉండే బ్యాక్ ఎండ్ ఫైల్‌కు మీ టూల్ పెట్టిన పాస్‌వర్డ్ గట్టిదే, ఎన్‌క్రిప్షన్‌లోనూ వంక లేదు. కానీ టేబుళ్ళను లింక్ చేసేటప్పుడు ఆ పాస్‌వర్డ్ ఫారమ్‌లు, కోడ్ ఉండే ఫ్రంట్ ఎండ్‌లోని ప్రతి లింక్‌లోనూ పడుతుంది. టేబుల్‌డెఫ్‌ల (టేబుల్ నిర్వచనాల) ‘కనెక్ట్’ ప్రాపర్టీని ప్రింట్ చేస్తే ‘పీడబ్ల్యూడీ’ అనే మాట పక్కనే మామూలు అక్షరాల్లో కనిపిస్తుంది. ఎన్ని టేబుళ్ళు లింక్ చేస్తే అన్నిసార్లు.

లైసెన్స్ తనిఖీదీ అదే తీరు. కొన్న వాళ్ళందరికీ కలిపి ఒకే మాస్టర్ కీ కోడ్‌లో స్ట్రింగ్‌గా రాసి ఉంది. నోట్‌ప్యాడ్‌లో వెతికితే దొరకలేదు కాబట్టి భద్రమేనని మీ సపోర్ట్ వాళ్ళు జవాబిచ్చారు. దొరకదు మరి: యూనికోడ్‌లో ఆ కీలోని ఒక్కో అక్షరం తర్వాత ఒక సున్నా బైట్ ఉంటుంది. హెక్స్ ఎడిటర్‌లో యూనికోడ్ సెర్చ్ పెడితే ఒక్క క్షణం పని.

మీ నుంచి మేం అడిగే మార్పులు అసాధ్యమైనవేం కావు. బ్యాక్ ఎండ్‌ను మైక్రోసాఫ్ట్ ఉచిత డేటాబేస్ సర్వర్ అయిన ఎస్‌క్యూఎల్ సర్వర్ ఎక్స్‌ప్రెస్‌కు మార్చే దారి ఇవ్వండి. సర్వర్‌తో కలిపే ఓడీబీసీ లింకుల్లో పాస్‌వర్డ్ సేవ్ చేయొద్దు. యూజర్ లాగిన్ అయినప్పుడు ఆయన ఇచ్చిన పాస్‌వర్డ్‌తో నేరుగా సర్వర్‌కే వెళ్ళే ఒక తాత్కాలిక పాస్‌త్రూ క్వెరీ తెరిస్తే చాలు. యాక్సెస్ ఆ కనెక్షన్‌ను గుర్తుపెట్టుకుని, అదే సర్వర్‌కు, అదే డేటాబేస్‌కు ఉన్న మిగతా లింకులకూ వాడుకుంటుంది. లైసెన్స్‌కు మాస్టర్ కీ బదులు డిజిటల్ సంతకం పెట్టండి. ప్రైవేట్ కీ అమ్మేవాళ్ళ దగ్గరే ఉంటుంది, ఫైల్‌లో ఉండే పబ్లిక్ కీ ఎవరి కంట పడినా దాంతో కొత్త లైసెన్స్ తయారవదు. తనిఖీ కోడ్‌నే తీసి పారేసేవాడిని ఇది ఆపదు, ఆ సంగతి కూడా మాన్యువల్‌లో రాయండి.

సర్వర్‌లో ఉంచే కోడ్‌ను, అంటే స్టోర్డ్ ప్రొసీజర్లను, ‘విత్ ఎన్‌క్రిప్షన్’తో దాస్తామని మాత్రం చెప్పకండి. సర్వర్ అడ్మిన్ హక్కులున్న వాడు దాన్ని విప్పగలడు. దుకాణదారుడి సొంత కంప్యూటర్‌లో సర్వర్ ఉంటే, విండోస్ అడ్మిన్ దాన్ని సింగిల్ యూజర్ మోడ్‌లో లేపి ఆ హక్కులు తెచ్చుకోగలడు. నిజంగా దాచాల్సిన లెక్క కొనేవాడి మెషిన్ మీదకు వెళ్ళకూడదు. అది మన సర్వర్‌లో జరిగి, జవాబు మాత్రమే అక్కడికి చేరాలి.

ఇంకొకటి. ప్రోగ్రామ్ పనితీరును పరిశీలించడమే నేరమని మీ బ్రోచర్ చెబుతోంది. 1957 కాపీరైట్ చట్టంలోని 52వ సెక్షన్ చదవండి. ప్రోగ్రామ్‌ను ఏ పనుల కోసం ఇచ్చారో వాటికి అవసరమైనవి చేస్తూ, ప్రోగ్రామ్ వెనకున్న ఆలోచనల్ని తెలుసుకోవడానికి దాని పనితీరును గమనించడం, పరీక్షించడం ఉల్లంఘన కాదని అందులో ఉంది. 2012 సవరణతో వచ్చిన 65ఏ సెక్షన్ కూడా హక్కుల్ని ఉల్లంఘించే ఉద్దేశంతో రక్షణను ఛేదించినవాడికే వర్తిస్తుంది.

ఈ ఉత్తరం అందిన 15 రోజుల్లో టూల్‌కు, ఏడాది సపోర్ట్‌కు కట్టిన మొత్తం వాపసు చేయండి. పరీక్షించిన ఫైలు, మేం వాడిన కోడ్, స్క్రీన్‌షాట్లు జతచేశాం. అదే పరీక్ష మీరూ చేసి, ఫలితం రాతపూర్వకంగా పంపండి.

ఇట్లు,
తక్‌పట్టీ ప్రోగ్రామ్ తయారీదారులు,
కర్నూలు