బొమ్మల టైల్స్ డబ్బా మీద కాల్పు వివరం రాయాలి

సంపాదకులు గారికి,

పిల్లల అర్రకు కథల బొమ్మల టైల్స్ పెట్టించుకునేవాళ్లు నల్లగొండ, మిర్యాలగూడ, పాలమూరు కొత్త ఇళ్లలో కనబడుతున్నారు. మంచి ముచ్చటే. అయితే దుకాణంలో సైజు, ధర అడుగుతారే గానీ బొమ్మ బట్టీలో కాలిందా, పైన అద్దిందా అని అడగరు. టైల్ ఎన్నాళ్లుంటుందన్నది ఆ ఒక్క మాట మీదే ఉంది.

చూడ్డానికి ఒకటే అనిపించినా ఇవి మూడు రకాలు. రంగు టైల్‌తో పాటే 1,000 డిగ్రీలు దాటిన వేడిలో కాలితే గోడ ఉన్నన్నాళ్లు ఉంటుంది. రెండో రకంలో తయారైన టైల్ మీద బొమ్మ వేసి 800 డిగ్రీల దగ్గర మళ్లీ కాలుస్తారు. మూడో రకంలో ప్లాస్టిక్ లాంటి పూత మీద, కప్పులకు ఫొటో దింపినట్టే, 200 డిగ్రీల వేడి ప్రెస్సుతో బొమ్మ దింపుతారు. ఎండ తగిలే గోడ మీద ఇది వెలిసిపోతుంది. పొయ్యి వెనక అసలే పెట్టొద్దు.

తేడా పట్టడానికి నమూనా టైల్ అంచు మీద పిన్నీసుతో గీయండి. బట్టీలో కాలిన మెరుపు పొర మీద మొన జారిపోతుంది. మూడో రకం పూత మీద గీత పడుతుంది, గోరుకు తగులుతుంది. ఈ మూడూ కాక, కాల్చకుండా వేసిన ఆక్రిలిక్ రంగైతే గోళ్ల రంగు తుడిచే మందులో ముంచిన దూదికే అంటుకుని వస్తుంది. కొనేవాళ్లకు ఈ తిప్పలు లేకుండా, ఏ రకమో డబ్బా మీదే తెలుగులో రాయాలని తయారీదార్లను, దుకాణదార్లను కోరుతున్నాం.

రెండో రకాన్ని తక్కువ చేయనక్కర్లేదు. 1860ల్లో ఇంగ్లండ్‌లో విలియం మోరిస్ అలంకరణ సామాన్ల కంపెనీ, చిత్రకారుడు బర్న్-జోన్స్ గీసిన సిండ్రెల్లా, నిద్రపోయే రాకుమారి కథలను హాలండ్ నుంచి తెప్పించిన తెల్ల టైల్స్ మీద ఇట్లాగే వేయించింది. అవి ఇప్పటికీ మ్యూజియంలలో ఉన్నాయి. మన దగ్గర వీటిని పాడుచేసేది పని ముగిశాక సిమెంటు మరకలకు కొట్టే యాసిడ్. బంగారు గీతలు చెడతాయి, రంగు మసకబారుతుంది. జాయింట్లు నింపిన 15, 20 నిమిషాల్లో తడి స్పాంజితో తుడిస్తే యాసిడ్ పనే పడదు. బోరు నీళ్లతో కడిగితే వెంటనే పొడిగుడ్డతో ఒత్తాలి, ఆరనిస్తే తెల్లటి ఉప్పు మరక కడుతుంది.

అతికించడంలో ఎక్కువగా జరిగే తప్పు రంగేసిన గోడ మీదనే గమ్ పెట్టడం. గమ్ రంగును పట్టుకుంటుంది, గోడను కాదు. కొన్నాళ్లకు రంగు పెచ్చుతో సహా టైల్ ఊడుతుంది. రంగు గీకి, గోడకు గాట్లు పెట్టాలి. నాలుగు మూలలా, నడుమా ముద్దలు పెట్టి అదమడం కూడా తప్పే, వెనక గుల్ల మిగులుతుంది. 6 మి.మీ. పళ్ల తాపీతో గమ్ నిండుగా గీసి, ఒకేసారి నాలుగైదు టైల్స్‌కు సరిపడానే పూయాలి. ఎండాకాలం గోడ వేడికి గమ్ పైన పొర కడితే ఇక అంటదు, కాబట్టి పొద్దున్నే చేయించండి. జాయింట్లు మర్నాడే నింపాలి.

బొమ్మల ఎంపికలో మా సలహా ఏడు చేపల కథ. ఎండని చేప, గడ్డిమోపు, ఆవు, పాలేరు, అవ్వ, ఏడ్చే పిల్లవాడు, చీమ: సరిగ్గా 7 టైల్స్. 6 అంగుళాలవి వరసగా పేరిస్తే మూడున్నర అడుగులు. గోడకెక్కించే ముందు నేల మీద పరిచి, వెనక పెన్సిల్‌తో నంబర్లు వేయాలి. బొమ్మ టైల్‌ను కోయొద్దు. గోడ నడుమ నుంచి మొదలుపెట్టి, రెండు చివర్లా సాదా టైల్స్ కోసి సరిపెట్టాలి. నేల నుంచి మూడడుగుల ఎత్తు చాలు. నాలుగేళ్ల పాప, బొమ్మలోని చీమ పుట్టలో తనే వేలు పెట్టి కథ చెప్పుకుంటుంది.

ఇట్లు,
టైల్స్ పనివారు, నల్లగొండ