రేవు అడుగు చూసేదెవరు?

సంపాదకులకు నమస్కారం.

కృష్ణకు వరదొస్తే మా భవానీపురంలో అందరూ గేట్లు ఎన్ని ఎత్తారని అడుగుతారు. నేను మాత్రం ఎగువన పడవలు దేనికి కట్టారని అడుగుతాను. 2024 సెప్టెంబరు నుంచి ఈ జబ్బు ముదిరింది. అప్పుడు 11 లక్షల క్యూసెక్కులకు పైగా నీళ్లు పోతుంటే, కట్లు తప్పిన పడవలు కొట్టుకొచ్చి ప్రకాశం బ్యారేజీని గుద్దాయి. గేట్లు ఎత్తడానికి సాయంగా ఉండే బరువు దిమ్మెలు, అంటే కౌంటర్‌వెయిట్లు, దెబ్బతిన్నాయి. ఆ పడవల్ని బయటికి లాగడానికి రోజుల తరబడి తంటాలు పడ్డారు. తాళ్లు తెగాయా, తెంపారా అన్న రాజకీయం జోలికి నేను పోను. తాడు కట్టిన చోటి గురించే నా గోల.

నేను ఒక సముద్రపు రేవులో వార్ఫుల, అంటే ఓడలు ఆనే కట్టడాల, మరమ్మతు చేసి రిటైరయ్యాను. ఆటు సమయంలో నీళ్లు దిగాక చిన్న పంటు వేసుకుని వార్ఫు కిందికి దూరేవాళ్లం. సుత్తితో స్తంభాలనూ దూలాలనూ తట్టుకుంటూ పోవాలి. గట్టి కాంక్రీటు ఖంగుమంటుంది, లోపల పొర విడిస్తే డొల్లగా పలుకుతుంది. ఒకరోజు అలా తట్టగానే అరచేయంత పెచ్చు ఊడి నా కాళ్ల దగ్గర పడింది. లోపల బొటనవేలంత ఉండాల్సిన చువ్వ పెన్సిలంత మిగిలింది. అంతకు రెండేళ్ల ముందే ఆ దూలానికి సిమెంటు పూసి బిల్లు కూడా చేసుకున్నారు! ఉప్పెక్కిన కాంక్రీటును చువ్వ వెనకదాకా చెక్కకుండా అతుకేస్తే తుప్పు ఆగదు సరికదా, అతుకు పక్కనే కొత్తగా మొదలవుతుంది. అడుగున సంగతి ఇదీ. పైన క్రేన్లకు మాత్రం తళతళలాడే రంగు.

నది రేవుకు ఉప్పు బాధ లేదు కానీ కోత ఉంది. ప్రవాహం వేగం రెట్టింపైతే పడవ మీద తోపు నాలుగింతలవుతుంది. ఆ లాగుడంతా తాడు మీదుగా గట్టున ఉన్న బొలార్డు మీద, అంటే తాడు కట్టే గుంజ మీద, పడుతుంది. అదే వరద గోడ మొదట్లో ఇసుకనూ తోడేస్తుంది, పునాది కింద గుల్లవుతుంది. పెద్ద పడవలు ఒడ్డుకు ఆనాలని మనమే గోడ పక్కన ఇసుక తవ్వేస్తే గోడ కూలడానికి ఇక వరద దాకా ఆగక్కర్లేదు. సముద్రమైనా నయం, ఆటు వచ్చి స్తంభాల రోగం బయటపెట్టేది. ఇక్కడ కాలువల కోసం బ్యారేజీ వెనక నీళ్లు నిలిపి ఉంచుతారు కాబట్టి రేవు అడుగు మామూలుగా కంటికి కనపడదు. డైవర్లను దింపితే తప్ప తెలియదు.

విజయవాడ నుంచి ముక్త్యాల దాకా 82 కిలోమీటర్లు నాలుగో జాతీయ జలమార్గంలో తొలి దశ. ఎగువన సిమెంటు ఫ్యాక్టరీలున్నాయి, ఇబ్రహీంపట్నంలో థర్మల్ స్టేషన్ ఉంది. సరుకు నీళ్ల మీద పోయి రోడ్డు మీద నాలుగు లారీలు తగ్గితే మాకూ సంతోషమే. కానీ మొన్న ఇబ్రహీంపట్నం ఫెర్రీ వైపు వెళ్తే ఒక ఇనుప పడవను వేపచెట్టుకు నైలాన్ తాడుతో కట్టేసి ఉంచారు. చెట్టు వేళ్లు సగం బయటికొచ్చి ఉన్నాయి. పాత రేవు గోడకు లారీ టైర్లు వేలాడదీశారు, పడవ గుద్దినా దెబ్బ తగలకుండా ఆపే ఫెండర్లు అవేనన్నమాట. ఆ గోడకు నెర్రెలు కూడా ఉన్నాయి.

ఏటా వరదకు ముందు మే నెలలో ఒకసారి, వరద తీశాక మరోసారి డైవర్లతో ఈ రేవులన్నిటి అడుగూ చూపించాలని సంబంధిత శాఖలను కోరుతున్నాను. కోత పడ్డచోట బండరాళ్లు పేర్చాలి, నెర్రెలిచ్చిన గోడలకు జాకెటింగ్ చేయాలి, అంటే చుట్టూ కొత్త కాంక్రీటు తొడుగు వేయాలి. ఏ బొలార్డు ఎన్ని టన్నుల లాగుడు ఓర్చుకుంటుందో దాని మీదే పెయింటుతో రాయాలి, సరంగుకు తెలుస్తుంది. ఆ నివేదికను సచివాలయం గోడకు అంటించినా చాలు, మేం చదువుకుంటాం. ఖర్చు తక్కువేం కాదు, నీళ్ల కింద పని ఎప్పుడూ ఖరీదే. పైగా అక్కడ శిలాఫలకం పెట్టే చోటుండదు కనుక ఎవరికీ మోజుండదు.

ఇవన్నీ ఒక్కసారే కావు గానీ ముందు ఆ వేపచెట్టు దగ్గర ఒక బొలార్డు వేయించండి. అక్కడ గట్టు మెత్తన. ఉత్త కాంక్రీటు దిమ్మె నిలవదు, కింద లోతుగా పైల్ (పునాది స్తంభం) దింపాల్సిందే.

– ఒక విశ్రాంత రేవు ఉద్యోగి,
భవానీపురం, విజయవాడ