పెట్టుబడిలో బడిని లెక్కపెట్టకండి

సంపాదకులకు నమస్కారం,

కలెక్టరేట్‌లో సోమవారం ప్రజావాణి అయ్యాక మర్నాడు పేపర్లో రోడ్ల మీద ఇన్ని అర్జీలు, పింఛన్ల మీద ఇన్ని అని వేస్తుంటారు కదా, ఆ అంకెల గురించే ఈ ఉత్తరం. రెండేళ్లపాటు ఒక ఆఫీసులో అర్జీల సారాంశాన్ని ఎక్సెల్‌లో ఎక్కించే పని చేశాను.

అక్కడ "బడి" అనే మాటకు రెండు వైపులా నక్షత్రం గుర్తు (అటూ ఇటూ ఏ అక్షరాలున్నా సరే అని) పెట్టి, ఆ మాట ఉన్న గడులెన్నో చెప్పే ఫార్ములా కౌంట్‌ఇఫ్ కొట్టేవాళ్లం, ఎన్ని వస్తే అన్నీ బడి సమస్యలే అని రాసేవాళ్లం. ఆ ఫార్ములా చూసేది అక్షరాలనే, అర్థాన్ని కాదు. "పెట్టుబడి సాయం పడలేదు" అని రైతు ఇచ్చిన అర్జీ కూడా బడి పద్దులో పడేది. వీధిలో మురుగుకాలువ పొంగుతోందని ఎవరైనా రాస్తే అది మురుగుకాలువ పద్దులో ఒకసారి, పొలాల "కాలువ" పద్దులో ఇంకోసారి. పద్దులన్నీ కూడితే వచ్చిన అర్జీల కంటే ఎక్కువ తేలేది, అడిగితే "అంతే వస్తుందిలే" అనేవారు.

దీన్ని సరిచేయడం పెద్ద పనేం కాదు. పొడుగు మాటల్ని ముందు తేల్చాలి. "పెట్టుబడి", "రాబడి", "మురుగుకాలువ" ఎన్ని ఉన్నాయో అసలు కాలమ్‌లో లెక్కపెట్టి, పక్క కాలమ్‌లో సబ్‌స్టిట్యూట్‌తో (ఒక మాట బదులు ఇంకోటి పెట్టే ఫార్ములా) వాటిని తీసేసి ఆ చోట ఒక నిలువు గీత పెట్టాలి (ఖాళీగా వదిలితే అటూ ఇటూ అక్షరాలు అతుక్కుని లేని మాట పుట్టొచ్చు), ఆ మిగిలినదాంట్లోనే "బడి", "కాలువ" వెతకాలి. కొందరు "మురుగు కాలువ" అని విడదీసి రాస్తారు, అదీ తీసేయాలి.

నీళ్ల సంగతి ఇంకా చిక్కు. "నీరు" అని వెతికితే "నీటి ఎద్దడి", "నీళ్లు రావట్లేదు" దొరకవు, పోనీ మూడు మాటలూ విడివిడిగా లెక్కపెట్టి కూడదామంటే మూడూ వాడిన ఒకే అమ్మ అర్జీ మూడైపోతుంది. సమ్‌ప్రొడక్ట్‌లో (వరసవరసకీ చూసి మొత్తం కూడే ఫార్ములా) ఒక్కో అర్జీకి ఆ మూడింటిలో ఏదైనా ఉందా అని చూసి, ఎన్ని ఉన్నా ఒకటిగానే తీసుకోవాలి. ఒకే అర్జీలో నీళ్లూ రోడ్డూ రెండూ ఉంటే రెండు పద్దుల్లోనూ చూపించండి, అందులో తప్పులేదు, ఆ శాఖలు రెండూ పని చేయాల్సిందే. మొత్తం మాత్రం పద్దులు కూడి వేయకూడదు.

మీ విలేకరులకు ఒక మాట చెప్పండి సార్. పద్దుల అంకెలతో పాటు వచ్చిన అర్జీలు మొత్తం ఎన్నో వేరుగా అడిగి వేయమనండి, రెండింటికీ తేడా ఉంటే ఎందుకుందో కూడా అడగమనండి.

– ఒక పాఠకుడు, నల్గొండ జిల్లా