జత అని అమ్మితే జత అయిపోదు

సంపాదకులు గారికి,

పోయిన ఆదివారం మీ అనుబంధంలో కుందేళ్ల పెంపకం మీద వచ్చిన అర పేజీ చదివాను. ఒంటరి కుందేలు దిగులు పడుతుంది, తోడుగా ఇంకోటి తెచ్చుకోండి అని రాశారు. నిజమే. తెచ్చాక ఏం చేయాలో మాత్రం ఒక్క ముక్క లేదు. ఆ ముక్క తెలియకే పోయిన జూన్‌లో మా ఇంట్లో రక్తాలు కారాయి.

నేను ఇంట్లో జాకెట్లు కుట్టుకునే మనిషిని. బూరె అని మూడేళ్ల ఆడ కుందేలు, మిషన్ కింద నా కాళ్ల దగ్గరే పడుకునేది. మా అమ్మాయి పెళ్లై వెళ్లాక అదీ దిగాలుగా ఉంటోందని సంతలో ఓ నల్లదాన్ని కొన్నాను. పేరు మిరియం. ‘ఇదీ ఆడదేనమ్మా, అక్కచెల్లెళ్లలా ఉంటాయి’ అన్నాడు అమ్మినతను. సాయంత్రం తెచ్చి బూరె బోనులోనే వదిలేశాను. నీళ్లు పట్టుకొచ్చేసరికి ఒకదాని తోక దగ్గర ఒకటి మూతి పెట్టి గిర్రున తిరుగుతున్నాయి. బోను నిండా బొచ్చు. విడదీయబోతే నా బొటనవేలు కొరికాయి. మందపాటి తువ్వాలు వేసి తీయాలి గానీ ఉత్త చేయి పెట్టకూడదని తర్వాత తెలిసింది. మిరియం తొడ మీద రూపాయి బిళ్లంత చర్మం లేచిపోయింది.

రెండు రోజులు కొట్టుకుని అవే సర్దుకుంటాయని మా ఆయన. పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం. ఆ మాట విని ఉంటే మిరియానికి నిజంగానే మూడు మిగిలేవి.

డాక్టరు గారు దాన్ని వెల్లకిలా తిప్పి చూసి ‘ఇది మగదమ్మా’ అన్నారు. తొడకు నాలుగు కుట్లు వేశారు. కుట్టుపని దాన్ని కదా, ఎంత దగ్గర దగ్గరగా వేశారో అదే చూస్తూ కూర్చున్నాను.

మన పొలాల్లో కనబడే చెవులపిల్లి వేరు, అది ఒంటరిగా తిరుగుతుంది. మనం పెంచుకునేవి యూరప్ జాతివి, బొరియలు తవ్వుకుని గుంపుగా బతికేవి. తోడు కావాలి, కానీ తన చోటులోకి కొత్తది వస్తే ఊరుకోవు. పైగా ఆడా మగా అయితే నెల తిరిగేసరికి పిల్లలు, ఈనిన రోజే మళ్లీ చూలు కట్టగలదు. అందుకని గాయం మానాక రెండింటికీ ఆపరేషన్ చేయించాం. ఆపరేషన్ లేని ఆడవాటికి వయసు మీద పడ్డాక గర్భసంచి క్యాన్సర్ భయమూ ఉందట. ఆపరేషన్‌కు ముందు, కుక్కకు చెప్పినట్టు రాత్రి నుంచి కడుపు మాడ్చక్కర్లేదన్నారు, కుందేలుకు వాంతి రాదు. ఆపరేషన్ అయిన మగదానికీ కొన్ని వారాలు సంతాన శక్తి ఉంటుంది కాబట్టి కలపడానికి ఆరు వారాలు ఆగమన్నారు.

ఆ ఆరు వారాలూ రెండు బోనులు పక్కపక్కన, మధ్యలో జానెడు ఎడం. దీని కింద పరిచిన గుడ్డ దానికి, దానిది దీనికి రోజూ మార్చేదాన్ని. మొదట్లో బూరె ఆ గుడ్డను కాళ్లతో తన్నేది. ఆగస్టు చివరికి దాని మీదే పడుకుంది.

అప్పుడు డాబా మీద మెట్ల గదిలోకి తీసుకెళ్లాం. రెండూ ఎన్నడూ అడుగుపెట్టని చోటు అది. నేల జారకుండా పాత బొంత వేసి, మధ్యలో గరిక పోశాం. రోజుకు పది నిమిషాలే. వెంటబడటం, ఒకదాని మీద ఒకటి ఎక్కడం మామూలే, పెద్దరికం తేల్చుకుంటాయి. తల వైపు నుంచి ఎక్కితే మాత్రం కిందది కరవకూడని చోట కరుస్తుంది, వెంటనే తీసేయాలి. పంతొమ్మిదో రోజున బూరె తల నేలకు ఆనించి మిరియం ముందు పెట్టింది. అది కాసేపు అటూ ఇటూ చూసి, నుదుటి మీద నాకడం మొదలుపెట్టింది. తలంటు పోసినంత సేపు.

పెంపుడు జంతువులు అమ్మే దుకాణాలు రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డులో నమోదు కావాలని 2018 నిబంధనలు ఉన్నాయి. సంతలో బుట్టలో పెట్టి అమ్మేవాణ్ని అడిగేదెవరు? కనీసం మీ పేపరైనా, తోడు తెచ్చుకోమని రాసే ముందు ఒక పశువైద్యుణ్ని అడిగి ఈ సంగతులు కూడా వేయండి. సంక్రాంతి సంతలు వస్తున్నాయి, పిల్లలు అడుగుతారు.

– ఒక పాఠకురాలు, దానవాయిపేట, రాజమహేంద్రవరం