గుణదల తిరునాళ్లకు రాష్ట్ర పండుగ హోదా కావాలి

సంపాదకులకు,

నెల్లూరు రొట్టెల పండుగను రాష్ట్ర పండుగగా ప్రకటించినప్పుడు అన్ని మతాలవాళ్లమూ సంతోషించాం. విజయవాడ గుణదల మేరీమాత ఉత్సవాలకూ అదే గౌరవం దక్కాలని నా కోరిక.

1858లో ఫ్రాన్స్‌లోని లూర్దులో మేరీమాత దర్శనమిచ్చిన రోజుగా కథోలికులు ఫిబ్రవరి 11ను జరుపుకుంటారు. ఫాదర్ ఆర్లాటి 1924లో గుణదలలో మాత స్వరూపాన్ని ప్రతిష్ఠించారు. ఏటా 9 నుంచి 11 వరకు కొండకు జనం పోటెత్తుతారు. వాళ్లలో క్రైస్తవులు కానివాళ్లెందరో! కొబ్బరికాయ కొట్టేవాళ్లు, తలనీలాలిచ్చేవాళ్లు, చంటిబిడ్డను చంకనేసుకుని చెప్పుల్లేకుండా మెట్లెక్కే తల్లులు. ఇది ఒక్క చర్చి పండుగ అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. మొక్కు తీర్చుకోవడానికి వచ్చినవాళ్లను అక్కడ ఎవరూ మతం అడగరు.

హోదా అంటే జీవో కాగితం ఒక్కటే కాదు. బడ్జెట్‌లో ఏటా కచ్చితంగా నిధులు కేటాయించాలి. ఆడవాళ్లకు సరిపడా మరుగుదొడ్లు, స్నానాల గదులు, కొండ పైదాకా తాగునీళ్లు కావాలి. పల్లెల నుంచి వచ్చి రాత్రిళ్లు రోడ్డు పక్కనే దుప్పటి పరుచుకుని పడుకునే కుటుంబాలకు షెడ్లు వేయాలి. తిరుగు బస్సు దొరుకుతుందో లేదోనన్న టెన్షన్ ముసలివాళ్లకు ఉండకూడదు. 11న జిల్లాలో స్కూళ్లకు స్థానిక సెలవు ఇస్తే ట్రాఫిక్‌లో పిల్లల అవస్థా తప్పుతుంది.

ఉత్సవాల ముందు హడావుడిగా కాకుండా, అధికారులు చర్చి పెద్దలతో ఇప్పుడే కూర్చుని ఏర్పాట్లు ఖరారు చేయాలని కోరుతున్నాను.

– ఒక పాఠకురాలు, విజయవాడ