ఊరు రాయి, చెట్టు రాయకు

పర్లాకిమిడి

చిట్టితల్లీ,

మన తోటలో దొరికిన ఆ కాళ్లులేని ప్రాణి డీఎన్ఏ తెలిసిన జాతుల్లో దేనితోనూ కలవలేదని నువ్వు చెప్పిన దగ్గర్నుంచీ మీ అమ్మకీ నాకూ వేరే మాట లేదు. ఒక సంగతి మాత్రం ఫోనులో హడావిడిగా చెప్పేది కాదు. అందుకే ఈ ఉత్తరం.

పసుపు మడి పక్కన, పనస మొదట్లో తవ్వి దాన్ని నా అరచేతిలో పెట్టావు. క్షణం నిలవలేదు. ముక్కుతో నా వేళ్ల సందు వెతుక్కుని తోసుకుపోయింది. అంత సన్నటి ఒంట్లో అంత బలం! తడిమట్టిలోంచి వచ్చినా ఒంటికి మట్టి అంటలేదు, ఎండలో నీలంగా మెరిసింది. చూసినవాళ్లంతా పామనే అంటారు. నువ్వు భూతద్దం పెట్టి కంటిరెప్ప చూపించి, పాముకి రెప్ప ఉండదు నాన్నా, ఇది నలికండ్ల పాము బాపతు, అంటే బల్లే, అన్నావు.

ఈ తీరంలో మట్టిలో బతికే ప్రాణులకి పెద్ద చరిత్రే ఉంది. ఒకప్పుడు విశాఖపట్నంలో పనిచేసిన వైద్యుడు పాట్రిక్ రస్సెల్ 1796లో అచ్చువేసిన పాముల పుస్తకంలో చిన్న గుడ్డిపాము బొమ్మ వేసి, మనవాళ్లు చెప్పిన ‘రెండు తలల పాము’ పేరునే ఇంగ్లిషు అక్షరాల్లో రాసుకున్నాడు. దాని ఆధారంగా 1803లో ఫ్రాన్సులో దోదాన్ అనే ప్రాణిశాస్త్రవేత్త శాస్త్రనామం పెట్టాడు. ఇవాళ అది పూలకుండీల మట్టితో ఖండాలు దాటింది. అన్నీ ఆడవే, మగ తోడు లేకుండానే గుడ్లు పెడతాయి. ఇటు మన గంజాం వైపు, చిలికాలోని బర్కుడా దీవిలో దొరికిన కాళ్లులేని బల్లికి అన్నండేల్ అనే ప్రాణిశాస్త్రవేత్త 1917లో బర్కుడియా ఇన్సులారిస్ అని పేరు పెట్టాడు. దాని దగ్గరి చుట్టం విశాఖ వైపు ఉంది. పేరు పెట్టేముందు ఆ రెండు బల్లుల నమూనాల పక్కనా నీదాన్ని పెట్టి నడుం చుట్టూ పొలుసుల వరుసలు లెక్కపెట్టు, ఎక్స్‌రేలో వెన్నుపూసలు చూడు. ఒక్క డీఎన్ఏ మీద ఆధారపడకు.

ఇక అసలు సంగతి. హోలోటైప్, అంటే కొత్త జాతికి పేరు పెట్టేటప్పుడు ఆధారంగా చూపే నమూనా, దొరికిన చోటు నీ వ్యాసంలో రాయక తప్పదని నాకు తెలుసు. కానీ ఎంతవరకు రాస్తావు? రెండు తలల పామని మన దగ్గర పిలిచే మరో పాము ఉంది కదా, ఆ మొద్దుతోక బోవా. గుప్తనిధులు చూపిస్తుందని లక్షలు చెప్పి అమ్మే ముఠాలు పట్టుబడిన వార్తలు ఎన్నిసార్లు చదివాం? తలా తోకా తేడా తెలియని ప్రాణి అయితే చాలు వాళ్లకి. చైనాలో 1999లో గోనియురోసారస్ లూయి అనే బల్లిని కొత్త జాతిగా వర్ణించారు. అది అచ్చయ్యాక పెంపకానికి అమ్ముకునేవాళ్లు ఎగబడి, అది మొదట దొరికిన చోటే దాదాపు లేకుండా చేశారు. ఆ మాట చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

కాబట్టి జిల్లా రాయి, ఊరు రాయి, కొండ ఎత్తు రాయి. జీపీఎస్ అంకెలు మ్యూజియం రిజిస్టర్లోనూ అటవీశాఖ దగ్గరా ఉంచు, నిజంగా పని చేసేవాళ్లు అడిగితే ఇవ్వొచ్చు. పనస చెట్టు, వెనక కొండ గుర్తుపట్టేలా ఉన్న ఫొటో వెయ్యకు. ఫోనుతో తీసిన వాటిలో చోటు వివరాలు దాక్కుని ఉంటాయట, అవి తీసేసి పంపు. నేను ఈ ఏడు ఆ చెట్టు చుట్టూ పలుగు వెయ్యనివ్వను.

మరొకటి. తొలకరి పడ్డాక అల్లం తవ్వే చోట ఇవి పైకొస్తాయని నీకు మొదట చెప్పింది పై గూడెం సవర తాత. ఆయన పేరు నీ వ్యాసంలో ఉండాలి, అది న్యాయం. కానీ ఆ పేరుతో గూడెం దొరుకుతుంది, గూడెంతో తోట దొరుకుతుంది. ఆయనకేది ఇష్టమో ఆయన్నే అడగాలి. ఆదివారం కొండెక్కి మాట్లాడి వస్తాను. అప్పటిదాకా కృతజ్ఞతల పేజీ ఖాళీగా ఉంచు.

ఆశీస్సులతో,
నాన్న