పడవ లెక్కలు: ఏటివాలు, ఏటికెదురు

తల్లిదండ్రులకు నమస్కారం.

పోయిన వారం పదో తరగతి యూనిట్ టెస్ట్ పేపర్లు దిద్దాక మా లెక్కల మాస్టారు ఒక కట్ట తెచ్చి నా టేబుల్ మీద పెట్టారు. ఆ పేపర్లన్నిటిలో తప్పు పోయింది ఒకే లెక్క, పడవ లెక్క. నిశ్చల నీటిలో గంటకు 10 కి.మీ. పోయే పడవ ఉంది. నది గంటకు 2 కి.మీ. వేగంతో పారుతోంది. పడవ 24 కి.మీ. దిగువకు వెళ్లి బయలుదేరిన చోటికే తిరిగి రావడానికి ఎంతసేపు పడుతుంది?

చాలామంది రానుపోను 48 కి.మీ.ను 10తో భాగించి 4 గంటల 48 నిమిషాలు అని రాశారు. ఎందుకమ్మా అని ఒక అమ్మాయిని అడిగాను. "పోయేటప్పుడు నది తోస్తుంది, వచ్చేటప్పుడు ఆపుతుంది, దానికీ దీనికీ చెల్లు కదా మేడమ్" అంది. జవాబు తప్పే. కానీ ఆ పిల్ల ఆలోచించింది, అది నాకు చాలా నచ్చింది.

సరైన జవాబు 5 గంటలు. దిగువకు పోయేటప్పుడు వేగం 12 కాబట్టి 2 గంటలు, ఎగువకు వచ్చేటప్పుడు 8 కాబట్టి 3 గంటలు. ఇంతవరకు సూత్రం తెలిస్తే ఎవరైనా చేస్తారు. మరి ఆ 12 నిమిషాలు ఎందుకు ఎక్కువయ్యాయి? నది 2 గంటలు సాయం చేసింది, అంటే పడవను 4 కి.మీ. ముందుకు తోసింది. 3 గంటలు అడ్డుపడింది, అంటే 6 కి.మీ. వెనక్కి లాగింది. సాయం చేసిన సమయం తక్కువ, అడ్డుపడిన సమయం ఎక్కువ. 2 కి.మీ. బాకీ మిగిలింది. ఆ బాకీని పడవ గంటకు 10 కి.మీ. చొప్పున తీర్చుకోవడానికి పట్టినవే ఆ 12 నిమిషాలు. ఇది చెప్పగానే ఆ అమ్మాయి, "అయితే నది జోరు పెరిగేకొద్దీ ఇంకా ఆలస్యమా?" అని అడిగింది. అవును. నది వేగం కూడా 10 అయితే పడవ ఎంత కష్టపడినా ఉన్నచోటే ఉంటుంది, తిరిగి రాదు. ఈ ప్రశ్న పుట్టినందుకు నాకు పరీక్ష మార్కుల కన్నా ఎక్కువ సంతోషం కలిగింది.

మన ఊరి పిల్లలకు ఈ పాఠంలో ఒక చిక్కు ఉంది. పున్నమి ఘాట్ నుంచి భవానీ ద్వీపానికి పడవలో వెళ్లిన పిల్లలు "కృష్ణలో నీళ్లు కదలవు కదా" అంటారు. ప్రకాశం బ్యారేజీ నీటిని ఆపి ఉంచుతుంది కాబట్టి మామూలు రోజుల్లో అక్కడ ప్రవాహం తెలియదు. కానీ 2024 సెప్టెంబరు వరదలో బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు పారింది. కట్టు తెగిన పడవలు కొట్టుకొచ్చి గేట్లను గుద్దుకున్నాయి. అదే వరదలో బుడమేరు వాగు నీళ్లు ఇంట్లోకి వచ్చిన పిల్లలు మన బడిలో ఉన్నారు, అందుకే ఆ మాట తరగతిలో నేనుగా ఎత్తలేదు. ఒక అబ్బాయే ఎత్తాడు. ఆ పడవలకు ఇంజన్ నడవడం లేదు, సొంత వేగం సున్నా. సున్నాకు ప్రవాహ వేగం కలిపితే వచ్చేదే పడవ వేగం. ఏటివాలు లెక్క తరగతి అంతటికీ అప్పుడు అర్థమైంది.

ఇంట్లో మీరు "ఫార్ములా చెప్పు" అని అడగకండి. ఎక్కడ కూడాలో ఎక్కడ తీసేయాలో టెన్షన్‌లో తారుమారవుతుంది. "పడవ ఏటివాలుగా పోతోందా, ఏటికి ఎదురీదుతోందా?" అని అడగండి. బొమ్మ గీసి బాణం గుర్తులు పెట్టమనండి. వాలు వేగం 12, ఎదురు వేగం 8 అని ఇచ్చి పడవ వేగం అడిగితే, రెండూ కూడి సగం చేయాలి. ఎందుకు సగం? ఒకదానిలో నది కలిసింది, ఇంకోదానిలో తీసేశారు. కూడితే నది పోయి పడవ వేగానికి రెట్టింపు మిగులుతుంది. ఇది పిల్లల నోటితో చెప్పించండి. కిలోమీటర్లు, మీటర్ల మార్పిడి సాధన చేస్తే వచ్చేస్తుంది, దాని గురించి దిగులు వద్దు.

ఒక్క విన్నపం. చూసి నేర్చుకుంటామని పిల్లలు అడిగినా బందరు కాలువ, ఏలూరు కాలువ గట్ల మీదికి ఒంటరిగా పంపకండి. వచ్చే శనివారం మధ్యాహ్నం తరగతిలోనే చూపిస్తాం. పొడవాటి చార్ట్ పేపర్‌ను బల్ల మీద నెమ్మదిగా లాగుతుంటే అది నది, దాని మీద నడిచే కీ బొమ్మ కారు పడవ. వీలైన తల్లిదండ్రులు రండి, పేపర్ లాగడానికి మనుషులు కావాలి.

ఈలోగా ఇంట్లో చేయించడానికి ఒక లెక్క. నిశ్చల నీటిలో గంటకు 18 కి.మీ. పోయే మోటారు బోటుకు 24 కి.మీ. ఏటికెదురు పోవడానికి, అంతే దూరం ఏటివాలుగా రావడం కన్నా ఒక గంట ఎక్కువ పట్టింది. ప్రవాహ వేగం ఎంత? జవాబు గంటకు 6 కి.మీ. పిల్లలు చేసేదాకా చెప్పకండి.

మీ
ప్రధానోపాధ్యాయురాలు, విజయవాడ